అంధుల క్రికెట్

అంధుల క్రికెట్ పూర్తిగా గాని, పాక్షికంగా గాని చూపు లేనివారు ఆడే క్రికెట్ ఆట. మామూలు క్రికెట్టులో బ్యాటర్ బంతిని కంటితో చూసి కొడతాడు. ఇందులో చెవితో విని కొడతాడు. బంతిలో చిన్న చిన్న లోహపు గుండ్లు ఉండి, దొర్లినప్పుడు గలగలమని మ్రోగుతాయి. ఈ ఆట 1922లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో మొదలైనది. పురుషుల ప్రపంచ కప్పు పోటీలు 1998 నుండి, మహిళల ప్రపంచ కప్పు 2025 నుండి జరుగుతున్నాయి. పురుషుల పోటీలలో భారత జట్టు 40 ఓవర్ల ప్రపంచ కప్పును రెండుసార్లు, 20 ఓవర్ల ప్రపంచ కప్పును మూడుసార్లు గెలుచుకున్నది. ఈ ఐదింటిలో మూడింటికి జట్టు నాయకుడు పల్నాటి గురజాలకు చెందిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి. మహిళల మొదటి ప్రపంచ కప్పును గెలిచిన భారత జట్టు నాయకురాలు కూడా ఆంధ్ర ప్రదేశ్‌కు చెందిన యువతియే. అయినప్పటికీ క్రికెట్ అంటే ప్రాణమిచ్చే తెలుగువారిలో చాలామందికి ఈ ఆట నియమాలు తెలియవు.

పుట్టుక

మెల్బోర్న్‌లోని ఒక కర్మాగారంలో పనిచేస్తున్న ఇద్దరు అంధ కార్మికులు ఒక రేకు డబ్బాలో రాళ్ళు వేసి, దానినే బంతిగా చేసుకొని ఆడుకొనడంతో ఈ ఆట మొదలైనదని చెబుతారు. డబ్బాలో గులకరాళ్ళు వేసి మ్రోగించడం మన పల్లెలలో ఏ పిల్లవానికైనా తెలిసిన పనే. ఆ చప్పుడును బంతిగా మార్చవచ్చునన్న ఆలోచన మాత్రం అక్కడ పుట్టినది. కొద్ది సంవత్సరాలలోనే ఆట ఎంతగా వ్యాపించినదంటే, 1928లో ఆస్ట్రేలియా రాష్ట్రాల మధ్య మొదటి పోటీలు జరిగాయి. అదే కాలంలో మెల్బోర్న్‌లోని కూయోంగ్ వద్ద అంధ క్రీడాకారుల కొరకే ప్రత్యేకంగా ఒక మైదానము వెలసినది. ఆ తరువాత ఈ ఆట ఇంగ్లండు, న్యూజీలాండు, దక్షిణాఫ్రికా, భారత ఉపఖండము తదితర ప్రాంతాలకు చేరినది. దేశానికొక రకంగా నియమాలు ఉండడం వలన వివిధ దేశాల జట్లు కలిసి ఆడటం చాలా కాలం సాధ్యపడలేదు.

ఆటగాళ్ళ వర్గీకరణ

చూపును బట్టి ఆటగాళ్ళను మూడు తరగతులుగా విభజిస్తారు. బి1 తరగతి వారికి చూపు పూర్తిగా ఉండదు, లేదా వెలుతురు ఉన్నదీ లేనిదీ మాత్రమే తెలుస్తుంది. చేతి ఆకారాన్ని గుర్తించగలిగినంత నుండి 2/60 వరకు చూపు ఉన్నవారు బి2. అంతకంటె ఎక్కువగా, 6/60 వరకు ఉన్నవారు బి3. 6/60 అనగా, మామూలు చూపు గలవారు 60 మీటర్ల దూరం నుండి గుర్తించే వస్తువును ఆరు మీటర్ల దగ్గరకు వస్తే గాని గుర్తించలేకపోవడం. ఎదుటకు చూడగలిగే మేర బాగా కుంచించుకొని పోయినవారిని కూడా ఈ తరగతులలోనే చేరుస్తారు.

జట్టులో 11 మంది ఉంటారు. వారిలో కనీసం నలుగురు బి1, కనీసం ముగ్గురు బి2 తరగతికి చెందినవారై ఉండాలి. బి3 వారు నలుగురికి మించరాదు. బి1 ఆటగాళ్ళు కళ్ళకు నల్లని కవచము ధరిస్తారు. లేశమాత్రం వెలుతురు కనిపించే వారికి, ఏమీ కనిపించని వారికి మధ్య తేడా లేకుండా చేయడం దీని ఉద్దేశ్యము.

ఆట నియమాలు

పిచ్ పొడవు మామూలు క్రికెట్టుకు ఉన్నంతే, 22 గజాలు. బంతి గట్టి ప్లాస్టిక్‌తో చేసిన తెల్లని బంతి. వికెట్లు లోహపు గొట్టాలతో చేసినవి కావడం వలన బంతి తగలగానే ఖంగుమని మ్రోగుతాయి. వాటికి వేసే మెరిసే రంగు కొద్దిపాటి చూపు ఉన్నవారికి సహాయపడుతుంది.

బౌలర్ చేతిని తలపైనుండి త్రిప్పి వేయరాదు. భుజము క్రిందుగా, నేల బారుగా బంతిని విసరాలి. ఆ బంతి పిచ్ సగభాగము దాటక ముందే నేలను తాకాలి, లేనిచో అది నోబాల్. నేలను తాకుతూ వచ్చినప్పుడే బంతి శబ్దము చేస్తుంది. గాలిలో సాఫీగా వచ్చే బంతి వినిపించదు. బంతి వేయుటకు ముందు బౌలర్ "రెడీ?" అని అడగాలి. బ్యాటర్ "ఎస్" అని బదులివ్వాలి. అప్పుడు బౌలర్ "ప్లే" అని పలుకుతూ బంతిని వదలాలి. ఈ మూడు మాటలూ సక్రమంగా జరగకపోతే ఆ బంతి చెల్లదు. వికెట్ కీపర్ చప్పట్లతో, మాటలతో బౌలరుకు దిక్కు తెలుపుతుంటాడు. ఫీల్డర్లు ఒకరినొకరు పిలుచుకొంటూ ఎవరు ఎక్కడ ఉన్నదీ తెలుసుకొంటారు.

బంతి బ్యాటును చేరే వరకు ప్రేక్షకులు మాట్లాడరాదు. మన దేశంలోని క్రికెట్ మైదానాలలో ఉండే హోరు, డప్పులు, ఈలలు ఇక్కడ ఆటను ఆపివేస్తాయి. బంతి కొట్టిన తరువాత ఎంత కేక వేసినా అభ్యంతరము లేదు. మొదటిసారి ఈ ఆటను చూడబోయినవారిని ఆశ్చర్యపరచేది ఈ నిశ్శబ్దమే.

బంతి నేలబారుగా వస్తుంది గనుక బ్యాటర్లు ఎక్కువగా మోకాలిపై కూర్చుండి అడ్డంగా ఊడ్చినట్లు కొట్టే స్వీప్ షాట్ ఆడతారు. మామూలు క్రికెట్టులో స్పిన్నర్లపై అప్పుడప్పుడు ఆడే ఈ షాట్ ఇక్కడ ప్రధానమైనది. బి1 బ్యాటరుకు బదులుగా మరొకరు పరుగెత్తుతారు. బి1 ఫీల్డరు బంతిని ఒకసారి నేలను తాకిన తరువాత పట్టుకున్నా క్యాచ్ క్రిందే లెక్క.

ఈ నియమావళి అంతటికీ కీలకమైనవి మరి రెండు ఉన్నాయి. ఒకటి, బి1 బ్యాటరు చేసిన ప్రతి పరుగును రెండుగా లెక్కిస్తారు. అతడు బౌండరీ కొడితే జట్టుకు 8, సిక్సరు కొడితే 12 పరుగులు. రెండవది, ఇన్నింగ్స్‌లోని ఓవర్లలో కనీసం 40 శాతము బి1 బౌలర్లే వేయాలి. అనగా 20 ఓవర్లలో 8. ఈ రెండూ లేకపోతే ఏ జట్టైనా కొంత చూపు ఉన్నవారితోనే ఆటను నడిపించి, బి1 వారిని పేరుకు మాత్రమే నిలబెట్టి ఉండేది. ఇప్పుడు అది కుదరదు. మంచి బి1 బౌలరు లేని జట్టు ఆ 8 ఓవర్లలోనే ఆటను పోగొట్టుకుంటుంది. ఏమీ చూడలేని ఆటగాడి మీద దయతో చేర్చిన రాయితీ వలె ఈ నియమము కనిపించవచ్చును గాని, జట్టు ఎంపిక నుండి బౌలింగు మార్పుల వరకు ప్రతి నిర్ణయమూ దాని చుట్టూనే తిరుగుతుంది.

ఈ ఆటలో స్కోర్లు భారీగా ఉండుటకు ఈ రెట్టింపు లెక్క కూడా ఒక కారణము. 1998 ప్రపంచ కప్పులో పాకిస్తాన్ ఆటగాడు మసూద్ జాన్ దక్షిణాఫ్రికాపై 262 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. 24 సంవత్సరాల తరువాత, 2022లో, ఆస్ట్రేలియాకు చెందిన స్టెఫాన్ నీరో న్యూజీలాండుపై 140 బంతులలో 309 పరుగులు చేసి ఆ రికార్డును అధిగమించాడు.

భారతదేశంలో

భారతదేశంలో ఈ ఆటకు ఒక రూపు తెచ్చినవాడు జార్జ్ అబ్రహాం. పసితనంలో మెదడువాపు జ్వరము వలన ఇతని చూపు చాలావరకు పోయినది. డెహ్రాడూన్‌లోని అంధుల సంస్థను సందర్శించినప్పుడు అక్కడి విద్యార్థులు ఎంతో ఇష్టంగా క్రికెట్ ఆడుతుండటం గమనించి, దేశమంతటి నుండి జట్లను పిలిచి 1990లో ఢిల్లీలో మొదటి జాతీయ పోటీలు నిర్వహించాడు. 1996లో వివిధ దేశాల ప్రతినిధులు ఢిల్లీలో సమావేశమై ప్రపంచ అంధుల క్రికెట్ మండలిని స్థాపించారు. అబ్రహాం దాని వ్యవస్థాపక అధ్యక్షుడు. అన్ని దేశాలకు ఉమ్మడి నియమాలు ఏర్పడిన పిదప, 1998లో ఏడు దేశాలతో మొదటి ప్రపంచ కప్పు ఢిల్లీలోనే జరిగినది. దక్షిణాఫ్రికా ఫైనల్లో పాకిస్తాన్‌ను ఓడించి విజేత అయినది.

2010 దశకము నుండి భారత జట్టు వ్యవహారాలను భారత అంధుల క్రికెట్ సంఘము, క్లుప్తంగా క్యాబి, చూస్తున్నది. బెంగళూరులోని సమర్థనం అనే స్వచ్ఛంద సంస్థ దీనికి వెన్నుదన్ను. సమర్థనం స్థాపకుడైన మహంతేశ్ కూడా చూపు లేనివాడే.

ఓటమి నుండి ప్రపంచ కప్పులకు

మొదటి దశలో భారత జట్టు బలహీనమైనదనే చెప్పాలి. ఆ కాలంలో ఎదురులేని జట్టు పాకిస్తాన్. 2002లో చెన్నైలో జరిగిన రెండవ ప్రపంచ కప్పును, 2006లో స్వదేశంలో జరిగిన మూడవ ప్రపంచ కప్పును పాకిస్తానే గెలిచినది. 2006 ఫైనల్లో ఓడిన జట్టు భారతదేశము.

2012 డిసెంబరులో బెంగళూరులో 20 ఓవర్ల ఆటకు మొదటి ప్రపంచ కప్పు నిర్వహించారు. లీగ్ దశలో భారత్‌ను ఓడించిన పాకిస్తానే ఫైనల్లోనూ ఎదురైనది. ఈసారి భారత్ 258 పరుగులు చేసి, 29 పరుగుల తేడాతో గెలిచినది. జట్టు నాయకుడు కర్ణాటకకు చెందిన శేఖర్ నాయక్. పుట్టు అంధుడైన ఇతనికి చిన్నతనంలో శస్త్రచికిత్స వలన కొద్దిపాటి చూపు వచ్చినది. 2017లో ఇతనికి పద్మశ్రీ పురస్కారము లభించినది.

2014 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో జరిగిన 40 ఓవర్ల ప్రపంచ కప్పు ఫైనల్ ఈ ఆట చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది. పాకిస్తాన్ 389 పరుగులు చేసినది. అంతటి లక్ష్యము ముందుంచుకొని భారత జట్టు 392 పరుగులు చేసి, 5 వికెట్లు చేతిలో ఉండగా గెలిచినది. అప్పటికి మిగిలినవి రెండే బంతులు.

ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి

అజయ్ కుమార్ రెడ్డి 1990లో జన్మించాడు. స్వస్థలము గురజాల. ఇది నాటి గుంటూరు జిల్లాలో ఉండేది. 2022 నుండి పల్నాడు జిల్లాలో ఉన్నది. నాలుగేళ్ళ వయసులో జరిగిన ప్రమాదము వలన ఇతని ఎడమ కంటి చూపు పోయినది. తరువాత కుడి కంటి చూపు కూడా క్రమంగా తగ్గిపోయినది. నరసరావుపేటలోని లూథరన్ అంధుల పాఠశాలలో చదువుకున్నాడు. క్రికెట్‌పై అంతకు ముందే ఉన్న ఇష్టము, మ్రోగే బంతితో ఆడే క్రికెట్ ఒకటి ఉన్నదని తెలిసిన తరువాత కొత్త దారి పట్టినది. ఇతడు బి2 తరగతి ఆటగాడు. బ్యాటింగు, బౌలింగు రెండింటిలోనూ రాణించాడు. స్టేట్ బ్యాంకులో ఉద్యోగము చేస్తూనే ఆటను కొనసాగించాడు.

2017లో మన దేశంలోనే జరిగిన రెండవ 20 ఓవర్ల ప్రపంచ కప్పుకు అజయ్ నాయకుడు. 2012లో జరిగినదే మళ్ళీ జరిగినది. లీగ్ దశలో పాకిస్తాన్ చేతిలో భారత్ 7 వికెట్ల తేడాతో ఓడిపోయినది. ఫిబ్రవరి 12న బెంగళూరు చిన్నస్వామి మైదానంలో జరిగిన ఫైనల్లో మాత్రం పాకిస్తాన్‌ను 197 పరుగులకు కట్టడి చేసి, ఒకే వికెట్టు నష్టానికి ఆ లక్ష్యాన్ని దాటినది. ప్రకాశ జయరామయ్య 99 పరుగులతో అజేయంగా నిలిచాడు.

2018 జనవరిలో 40 ఓవర్ల ప్రపంచ కప్పును పాకిస్తాన్, అరబ్ ఎమిరేట్స్ దేశాలలో నిర్వహించారు. భారత్ తన మ్యాచులను ఎమిరేట్స్‌లో ఆడినది. జనవరి 20న షార్జాలో జరిగిన ఫైనల్లో 308 పరుగుల లక్ష్యాన్ని 2 వికెట్లు మాత్రమే మిగిలి ఉండగా అందుకున్నది. ఈ గెలుపులో సునీల్ రమేశ్ చేసిన 93 పరుగులు ముఖ్యమైనవి. 2022 డిసెంబరులో బెంగళూరులో జరిగిన 20 ఓవర్ల ప్రపంచ కప్పు ఫైనల్లో సునీల్ రమేశ్, అజయ్ ఇద్దరూ శతకాలు చేయగా, భారత్ 277 పరుగులు సాధించి బంగ్లాదేశ్‌ను 120 పరుగుల తేడాతో ఓడించినది. ఆ పోటీలలో పాకిస్తాన్ జట్టు పాల్గొనలేదు. ఆ భారత జట్టులో అజయ్‌తో పాటు వెంకటేశ్వరరావు, దుర్గారావు కూడా ఆంధ్ర ప్రదేశ్ వారే.

2023 సంవత్సరానికి గాను అజయ్‌కు అర్జున పురస్కారము ప్రకటించారు. 2024 జనవరి 9న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము చేతుల మీదుగా ఇతడు దానిని అందుకున్నాడు. అంధుల క్రికెట్ నుండి ఈ పురస్కారము పొందిన మొదటి ఆటగాడు ఇతడే.

2024 చివర పాకిస్తాన్‌లో జరిగిన 20 ఓవర్ల ప్రపంచ కప్పుకు భారత జట్టు వెళ్ళలేదు. ప్రభుత్వ అనుమతి లభించలేదు. ఆ కప్పును పాకిస్తాన్ గెలుచుకున్నది. మూడుసార్లు విజేత అయిన జట్టు మైదానములో ఓడకుండానే కప్పును వదులుకోవలసి రావడం ఆటగాళ్ళకు కష్టమైన విషయమే.

మహిళల జట్టు

మహిళల ఆట ఆలస్యంగా మొదలైనా వేగంగా ఎదిగినది. 2023 ఆగస్టులో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జరిగిన ప్రపంచ అంధుల క్రీడలలో మొదటిసారిగా క్రికెట్టును చేర్చారు. భారత మహిళలు ఫైనల్లో ఆస్ట్రేలియాను ఓడించి స్వర్ణ పతకము సాధించారు. అదే క్రీడలలో పురుషుల జట్టు ఫైనల్లో పాకిస్తాన్ చేతిలో ఓడిపోయినది.

మహిళల మొదటి 20 ఓవర్ల ప్రపంచ కప్పు 2025 నవంబరులో భారత్, శ్రీలంకలలో జరిగినది. నవంబరు 23న కొలంబోలో జరిగిన ఫైనల్లో నేపాల్ 5 వికెట్లకు 114 పరుగులు చేసినది. భారత్ 7 వికెట్ల తేడాతో గెలిచినది. ఈ పోటీలలో భారత్ ఒక్క మ్యాచు కూడా ఓడిపోలేదు. జట్టు నాయకురాలు టి.సి. దీపిక శ్రీ సత్యసాయి జిల్లా మడకశిర ప్రాంతములోని తంబలహట్టి గ్రామానికి చెందినది. దేశవాళీ పోటీలలో కర్ణాటక తరఫున ఆడుతుంది. ఫైనల్లో ఫూలా సరేన్‌తో పాటు గెలుపుకు బాటవేసిన పాంగి కరుణకుమారి అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు ప్రాంతపు గిరిజన బాలిక. ఆమె చేసినవి 42 పరుగులు.

కప్పు గెలిచిన తరువాత ఆంధ్ర ప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ ఈ జట్టును కలిసినప్పుడు, దీపిక తమ గ్రామానికి రహదారి వేయించమని కోరినది. ఆ రహదారికి అనుమతులు వెంటనే మంజూరు అయ్యాయి.

గుర్తింపు

ప్రపంచ కప్పులు గెలిచిన జట్టైనప్పటికీ ఇది భారత క్రికెట్ నియంత్రణ మండలి నడిపే జట్టు కాదు. మండలి ఆటగాళ్ళకు ఇచ్చే వార్షిక కాంట్రాక్టులు, మ్యాచ్ రుసుములు వీరికి వర్తించవు. శిక్షణా శిబిరాలు, ప్రయాణాలు, పోటీల ఖర్చు చాలావరకు దాతలు, ప్రాయోజకుల సహాయముతో జరుగుతాయి. అందువలన ఆటగాడికి ఉద్యోగము అత్యవసరము. ఉద్యోగము లేనివారు ఆట మానుకోవలసి వస్తుంది. ప్రతి గెలుపు తరువాత ప్రభుత్వాలు నగదు బహుమతులు ప్రకటిస్తున్నాయి. అవి గెలిచినవారికి అందుతాయే గాని, పాఠశాల స్థాయిలో బంతులు, శిక్షకులు లేని కొరతను తీర్చవు. పారాలింపిక్ క్రీడలలో క్రికెట్ లేకపోవడం వలన, ఇతర పారా క్రీడాకారులకు ఆ మార్గములో వచ్చే సహాయము కూడా వీరికి దూరమే.

పశ్చిమ ప్రకాశము ప్రాంతములో

గిద్దలూరు, కంభం, మార్కాపురం, దొనకొండల మీదుగా గుంటూరు వైపు వెళ్ళే రైలు మార్గములోనే నరసరావుపేట ఉన్నది. అజయ్ చదివిన అంధుల పాఠశాల ఈ ప్రాంతపు పల్లెలకు దూరము కాదు. మార్కాపురం పలకలకు దేశమంతటా పేరు. అంధ విద్యార్థి బ్రెయిలీ చుక్కలు గ్రుచ్చుటకు వాడే చట్రాన్ని కూడా పలక అనే అంటారు. ఆ పలక గురించి తెలిసినవారు మాత్రం తక్కువ. చూపు తక్కువగా ఉన్న పిల్లవాడిని ఆటల గంటలో తరగతి గదిలోనే కూర్చోబెట్టే అలవాటు అనేక పాఠశాలలలో ఉన్నది. బి2, బి3 తరగతులకు సరిపోయే చూపు ఉన్న పిల్లలు ప్రత్యేక పాఠశాలలలోనే కాక, సాధారణ పాఠశాలలలో వెనుక బల్లలపై కూడా ఉంటారు. నల్లబల్ల కనిపించక చదువులో వెనుకబడిన వీరిని చాలాసార్లు మందమతులుగా పొరబడతారు.

ఈ ఆటను పాఠశాలలో ఆడించుటకు పెద్ద ఖర్చు అవసరము లేదు. మ్రోగే బంతి దొరకనప్పుడు ప్లాస్టిక్ బంతికి చిన్న రంధ్రము చేసి, సైకిల్ బేరింగులలోని ఉక్కు గుండ్లు వేసి, రంధ్రాన్ని గట్టిగా మూసివేయవచ్చును. ఇది పోటీలకు పనికిరాదు గాని నేర్చుకొనుటకు చాలును. వికెట్లకు ఇనుప గొట్టాలు సరిపోతాయి. మైదానము చదునుగా, రాళ్ళు లేకుండా ఉండాలి. గరుకు నేలపై బంతి ఎగిరిపడి శబ్దము తెగిపోతుంది. గాలి ఎక్కువగా వీచే సమయములో, రహదారి ప్రక్కన గల స్థలములో ఆడించరాదు. చూపు ఉన్న విద్యార్థులు కూడా కళ్ళకు గంతలు కట్టుకొని ఒక ఓవరు ఆడి చూడవచ్చును. మొదటి బంతులు దాదాపుగా అందరికీ తప్పిపోతాయి. బంతి దగ్గరకు వచ్చిన తరువాత బ్యాటు ఊపితే ఆలస్యమవుతుంది. శబ్దము మొదలైన చోటు నుండి దాని వేగాన్ని అంచనా కట్టి ముందుగానే మోకాలు వంచాలి.